ముందు సీటుకూ పతకమే

సైకిల్ మీద డబుల్స్ అంటే మనకు తెలిసింది ఒకటే. ముందువాడు చెమటోడ్చి తొక్కుతాడు, వెనకవాడు క్యారియర్ మీద కాళ్లూపుకుంటూ కూర్చుంటాడు. అందుకే చూపులేని క్రీడాకారుల టాండెమ్ (ఇద్దరు తొక్కే సైకిల్) పోటీ అనగానే, 'చూపున్నవాడు తొక్కుతుంటే ఇతని గొప్పేమిటి?' అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు స్కాట్లాండ్ సైక్లిస్టు నీల్ ఫ్యాకీ 2009 నుంచి కాళ్లతోనే జవాబు చెబుతూ వచ్చాడు.

1984లో అబర్డీన్‌లో పుట్టిన ఫ్యాకీకి రెటినైటిస్ పిగ్మెంటోసా ఉంది. వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బులో మొదట రాత్రిచూపు మందగిస్తుంది, తర్వాత చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతుంది. అతను మొదట పరుగు వీరుడు. 2008 బీజింగ్ పారాలింపిక్స్‌లో 100, 200 మీటర్లు పరుగెత్తాడు. పతకం రాలేదు. ఆ వెంటే అతని శిక్షణకు అందుతున్న నిధులూ ఆగిపోయాయి. చాలామంది కథ అక్కడితో ముగుస్తుంది. ఫ్యాకీ టాండెమ్ ఎక్కాడు. మరుసటి ఏడాదే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

టాండెమ్‌లో రెండు జతల పెడళ్లనూ చైన్ కలిపేస్తుంది. ఇద్దరి కాళ్లూ ఒకే వేగంతో తిరగాల్సిందే. ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు, ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరుగుతున్నంతసేపూ ఇద్దరిలో ఎవరి కాలూ ఆగడానికి లేదు. హ్యాండిల్ తిప్పేది ముందు కూర్చున్న పైలట్ ఒక్కడే. గోడలా వాలిన వెలోడ్రోమ్ (సైకిల్ పందేల ట్రాక్) మలుపు ఎప్పుడు వస్తుందో వెనకవాడు కంటితో కాదు, ఒంటితో తెలుసుకోవాలి. ముందువాడు వంగిన క్షణాన తానూ వంగాలి. ఇంత ప్రమాదంలో క్యారియర్ ప్రయాణికుడికి చోటులేదు.

ఫ్యాకీ ప్రయాణాన్ని పైలట్ల వెంట నడుస్తూ చదవాలి. 2012 లండన్ పారాలింపిక్స్‌లో బార్నీ స్టోరీతో కిలోమీటర్ టైమ్ ట్రయల్ స్వర్ణం గెలిచాడు. అదే జంట స్ప్రింట్ ఫైనల్లో ఆంథనీ కాపెస్, క్రెయిగ్ మెక్‌లీన్ చేతిలో ఓడింది. తమాషా ఏమిటంటే, బీజింగ్‌లో కాపెస్‌ను ముందుండి నడిపించింది ఈ స్టోరీయే. రెండేళ్ల తర్వాత 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఫ్యాకీ రెండు స్వర్ణాలు గెలిచినప్పుడు ముందు సీట్లో ఉన్నది, లండన్‌లో తనను ఓడించిన మెక్‌లీన్. 2016 రియోలో పీట్ మిచెల్‌తో రజతం. టోక్యోలో మాట్ రోథర్‌హామ్‌తో కిలోమీటరును 58.038 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం. భార్య లోరా కూడా తన పైలట్ కొరీన్ హాల్‌తో అదే రోజు, కొద్ది నిమిషాల తేడాలో మరో స్వర్ణం గెలిచింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో రోథర్‌హామ్ వెళ్లి ప్రత్యర్థి జేమ్స్ బాల్‌కు పైలట్‌గా కూర్చుంటే, ఫ్యాకీ లూయిస్ స్టీవర్ట్‌తో టైమ్ ట్రయల్ గెలిచాడు. పారిస్‌లో మళ్లీ రోథర్‌హామ్‌తో రజతం.

ముందు సీట్లో మనుషులు మారినా వెనక సీటు నుంచి పతకాలు వస్తూనే ఉన్నాయి. ఆ గొప్ప ఎవరిదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అలాగని పైలట్ ఎవరైనా ఒకటే అని కాదు. మెక్‌లీన్ 2000 సిడ్నీ ఒలింపిక్స్ టీమ్ స్ప్రింట్ రజత విజేత. అంతటివాణ్ణి వెతికి తెచ్చి ముందు కూర్చోబెట్టారు. పైలట్ జాతీయ జట్టు సభ్యుడు, కలిసి శిక్షణ పొందుతాడు, పోడియం మీద అతని మెడలోనూ పతకం పడుతుంది. తోడుగా ఉండటం అక్కడ ఒక వృత్తి.

మన దగ్గర తోడును ఎలా చూస్తున్నామో పరీక్ష హాల్లో తెలుస్తుంది. చూపులేని విద్యార్థి తరఫున జవాబులు రాసే సహాయకుణ్ణి చాలాచోట్ల ఆ పిల్లవాడే, వాడి తల్లిదండ్రులే బతిమాలి తెచ్చుకోవాలి. సొంతంగా తెచ్చుకుంటే ఆ సహాయకుడి చదువు అభ్యర్థి కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. పరీక్ష పెట్టేవారు సహాయకుణ్ణి ఇస్తే, రెండు రోజుల ముందు కలిసి చూసుకోవచ్చన్నాయి. సైకిల్ మీద ఒక్క నిమిషానికి నెలల తరబడి సాధన. జీవితాన్ని మలుపు తిప్పే మూడు గంటలకు రెండు రోజుల పరిచయం!

పరీక్ష వేరు, పందెం వేరు అంటారు. నిజమే. పైలట్ తన బలం కలపాలి, రాసేవాడు తన తెలివి కలపకూడదు. కాపీ జరుగుతుందన్న భయమూ ఉత్తదేం కాదు. కానీ ఆ భయానికి మందు గట్టి పర్యవేక్షణ. సమాకలని గుర్తు ఎప్పుడూ చూడని పిల్లవాడితో ఇంటర్ గణితం రాయించడం మందు కాదు. అలా రాయిస్తే చెప్పినవాడి తెలివికి కాదు, రాసినవాడి తెలియనితనానికి మార్కులు వేసినట్టవుతుంది.

జిల్లా స్థాయిలో సహాయకుల జాబితా సిద్ధం చేసుకునే వెసులుబాటు 2018 నాటి ఆ మార్గదర్శకాల్లోనే ఇచ్చారు. రెండు తెలుగు రాష్ట్రాల పరీక్షా బోర్డులూ దాన్ని కాగితం మీంచి కిందికి దించాలి. సబ్జెక్టు తెలిసినవాళ్లను ఎంచి, శిక్షణ ఇచ్చి, గౌరవప్రదమైన భత్యం చెల్లించి, విద్యార్థితో కలిసి నమూనా పరీక్షలు రాయించాలి. అప్పుడే మార్కుల జాబితాలో ఆ విద్యార్థి సత్తా ఎంతో తేలుతుంది. ఆ ఏర్పాటు చేయకుండా, పతకం తెచ్చాక మాత్రం శాలువా పట్టుకుని పరుగెత్తే హక్కు మనకు లేదు.