కారు కిటికీకి చేతిపిడి

కారు కిటికీ అద్దము దింపుటకు చిన్న చేతిపిడి యొకటి చాలియుండిన కాలమును మనలో నలువదియేండ్లు దాటినవారందఱు నెఱుగుదురు. అంబాసిడరులోనేమి, పద్మినిలోనేమి, 1983 డిసెంబరులో బయటికి వచ్చిన మారుతి 800లోనేమి, తలుపునకొక పిడి యుండెడిది. త్రిప్పిన అద్దము దిగెడిది. వెనుకకు త్రిప్పిన నెక్కెడిది. అందులకు బ్యాటరీతోగాని తాళపుచెవితోగాని పనిలేదు. నేడా పిడి పేదఱికమునకు గుఱుతైపోయినది. కారు కొనవచ్చినవానికి అమ్మువాడు ముందుగా చూపు శోభలలో మీట నొక్కినంతనే జాఱిపోవు నద్దమొకటి. ఇట్టి మీటలను, మోటారులను తీయించివైచి మరల చేతిపిడులు బిగించుకొనువారు అక్కడక్కడ గలరు. వారినిచూచి నవ్వుట మనకు వాడుకయైనది. నేనును నవ్వినవాడనే.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతమును ముంచినప్పుడు అన్నపుపొట్లములు పంచు వాలంటీరులలో నొకడనై నేనును పోయితిని. వీథులలో వరుసగా నీటిపాలైన కార్లను చూచితిని. నీరు తీసిన పిమ్మట వానిని తెఱచుటకు యజమానులు పడిన పాట్లు చెప్పనలవికాదు. బ్యాటరీ చచ్చినది, రిమోటు పలుకదు. రిమోటులోపలనే సన్నని తాళపుచెవి యొకటి దాగియుండునని, దానితో డ్రైవరుతలుపు తెఱవవచ్చునని పలువురకు తెలియనే తెలియదు. తెలిసి తెఱచినవారికిని అద్దములు దిగవు. లోపల బురదనీరు కుళ్లి కంపుకొట్టుచుండ గాలియాడుటకు దారిలేదు. ఆ వరుసలోనే పాత మారుతి యొకటి యుండెను. దాని యజమాని తాళము త్రిప్పి లోపల తలదూర్చి, నాలుగుపిడులును త్రిప్పి, నాలుగద్దములును దింపి, చీపురు చేతబట్టి బురద నూడ్వ మొదలిడెను. ప్రక్కవీథిలో లక్షల ఖరీదుచేయు బండి గలవాడు దానినే చూచుచు నిలుచుండెను.

మఱుసటి వానకాలమున ఆ పాఠము నాయింటికే వచ్చినది. కోర్టునుండి తిరిగివచ్చుచు చెకుపోస్టు వద్ద అద్దము దింపితిని. అది మరల నెక్కలేదు. జడివానలో ఇరువది మైళ్లు వచ్చుసరికి ప్రక్కసీటులోని కక్షిదారుల కాగితములు ముద్దయైనవి. బండిని అమ్మిన కంపెనీవారి వర్కుషాపులో, తలుపులోని యంత్రమంతయు మార్చవలెనని, సరకు రావలెనని, పదునైదు దినములు పట్టునని చెప్పిరి. అప్పుడు విజయవాడ ఆటోనగరులో నెఱిగిన మెకానిక్కు వద్దకు పోయితిని. ఆయన తలుపుమీద రెండుమాఱులు చేతితో తట్టి, "లాయరుగారూ, ఈ బండిలో తక్కువరకానికి చేతిపిడే వస్తుంది. ఆ మిషను ఇందులో సరిగ్గా కూర్చుంటుంది. పెట్టేయమంటారా?" అని యడిగెను. పెట్టుమంటిని.

డోర్ ప్యాడు విప్పినపిమ్మట చూడవలసినదంతయు కన్నులయెదుటనే యున్నది. మీటకారు తలుపులో చిన్న మోటారుండును. దాని కొనయందలి మరచుట్టుల యిరుసు పండ్లచక్రమును త్రిప్పును; ఆ చక్రము ఉక్కుతీగను చుట్టుకొనుచు విప్పుకొనుచు అద్దమును మోయు ప్లాస్టికుపట్టును పైకిని క్రిందికిని నడపును. తీగ తెగుటయు, ఆ ప్లాస్టికుపట్టు విఱుగుటయు ఇందలి సామాన్యరోగములు. ఇందొక విశేషము గలదు. మరచుట్టుల యిరుసు చక్రమును త్రిప్పగలదుగాని చక్రము ఇరుసును త్రిప్పజాలదు. కావున దొంగ పైనుండి నొక్కినను అద్దము దిగదు; విద్యుత్తు పోయినప్పుడు యజమాని నొక్కినను దిగదు. యంత్రమునకు వీరిరువురును సమానులే.

చేతిపిడిమిషనులో మోటారులేదు. పిడి యిరుసును చుట్టుకొని, చిన్నడబ్బిలో ఉక్కుస్ప్రింగు బిగువుగా నమరియుండును. పిడివైపునుండి త్రిప్పినచో ఆస్ప్రింగు సడలి దారియిచ్చును. అద్దమువైపునుండి త్రోసినచో డబ్బిగోడను కఱచిపట్టి కదలనీయదు. ఇట్లు అద్దము దొంగకు లొంగదు, యజమానిచేతికి లొంగును. ఈ యుపాయము కనిపెట్టినవారు మనుష్యుని చేతిని మఱవలేదు. రెండురకముల కార్లకును తలుపురేకు చాలవఱకు నొక్కటియే యగుటచే చౌకరకపుమిషను పాతరంధ్రములలోనే కూర్చుండును. ప్యాడునకుమాత్రము పిడి యిరుసు వెలికివచ్చుటకు రంధ్రము చేయవలెను, లేదా చౌకరకపుప్యాడునే తెచ్చుకొనవలెను. పిడిని పట్టియుంచునది గుఱ్ఱపులాడమువంటి చిన్నక్లిప్పు. చేయిజాఱి మాయమగుటలో దీనికి సాటిలేదు. నాకారువిషయమున దానిని వెదకుటకు పట్టినంత కాలము మిషను బిగించుటకు పట్టలేదు.

చేయించుకొనదలచినవారు మెకానిక్కునకు ముందుగా చెప్పవలసిన మాటలు కొన్ని గలవు. బ్యాటరీ నెగటివుతీగను విప్పి కొన్నినిమిషములు ఆగినగాని తలుపు ముట్టరాదు. మోటారుతీగలను కోయరాదు, కొనలకు టేపుచుట్టి కట్టివేయవలెను. ప్యాడువెనుక నంటించియున్న ప్లాస్టికుపొరను చించిపాఱవేయుట మనవారి దురభ్యాసము. అది లేకున్న వాననీరు కారులోనికి దిగును. అదియుగాక కొన్నికార్లలో ప్రక్కదెబ్బను పసికట్టి గాలిసంచిని విప్పు సాధనము ముందుతలుపులోని గాలియొత్తిడినిబట్టి పనిచేయును. తలుపులోపల క్రొత్త కంతలు పడినచో అది మోసపోవచ్చును.

ఇవి సౌకర్యమును గూర్చిన మాటలు. కొన్నియెడల పనిచేయని మీట ప్రాణములమీదికి వచ్చును. 2025 మే నెలలో విజయనగరముజిల్లా ద్వారపూడిలో నలుగురు పసివారు ఆడుకొనుచు నిలిచియున్న కారులోని కెక్కి, తలుపులు మూసికొనిపోగా ఊపిరాడక మరణించిరి. ఆవార్త చదివినరాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎండలో నిలిచిన కారు లోపలివేడిమి కొలదినిమిషములలోనే భరింపరానిదగును. తాళపుచెవి పెద్దవారి జేబులో నున్నంతసేపు కిటికీమీటలు చచ్చిన మీటలే. పిల్లవాడు ఎన్నిమాఱులు నొక్కినను అద్దము దిగదు. పిడియన్ననో ఆఱేండ్లవాడును త్రిప్పగలడు. పిల్లలుగల ప్రతియింటను, కారులో చిక్కినప్పుడు హారను నొక్కుచునే యుండవలెనని వారికి నేర్పుడు. పెక్కుకార్లలో అది తాళపుచెవి లేకున్నను మ్రోగును. అమెరికాలో దీనికి విపరీతమైన యాపద గలిగినది. పిల్లలు కిటికీలోనుండి తలవెలికిబెట్టి మోకాలితో మీటను త్రొక్కగా అద్దమెక్కి మెడకు బిగిసినది. అట్లు త్రొక్కుడుపడని మీటలే యుండవలెనని 2004లో అచ్చటి ప్రభుత్వము నియమము చేసినది.

నీటిమాటయు నిట్టిదే. తలుపు క్రిందిసగము మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల యెత్తు అనుకొందము. వెలుపలినీరు కిటికీయంచువఱకు వచ్చి లోపల నీరులేనిచో ఆ తలుపుపై పడు నొత్తిడి రమారమి 180 కిలోల బరువు. ఎంతటివాడును త్రోయలేడు, కిటికీయే ద్వారము. నీటబడినంతనే మోటారు చచ్చునని నేననను, మొదటినిమిషమున పలుమాఱు పనిచేయును. ఆ నిమిషము దాటినపిమ్మట దానిని నమ్మరాదు. నీరు ఒత్తుచున్నప్పుడు చేతిపిడికిని బలము కావలెను. సుత్తితో పగులగొట్టవచ్చునందురా? మామూలు ప్రక్కయద్దము పగులును. నడుమ ప్లాస్టికుపొర గల యద్దములు నేడు ప్రక్కతలుపులకును వచ్చుచున్నవి; వానికి సుత్తి చాలదు.

ఇక తాళములు. చేతిపిడి పెట్టించువారు అదేయూపులో సెంట్రల్ లాకింగును గూడ పెఱికించుచుందురు. ఇందు నేను వారితో నేకీభవింపను. గ్రుద్దుకొని గాలిసంచులు విచ్చినప్పుడు తలుపుల తాళములు తమంతట విడిపోవు నేర్పాటు పెక్కుకార్లలో గలదు. స్పృహతప్పినవానిని వెలికిలాగ వచ్చినవారికి అది ప్రాణదాయకము. మోటారు తీసివేసిన ఆ మేలు పోవును. పైగా తాళము పరాధీనము కాదు. విద్యుత్తు లేకున్నను లోపలిపిడి లాగినచో సాధారణముగా ముందుతలుపు తెఱచుకొనును. వెనుకతలుపులకు పిల్లలకై పెట్టిన చిన్నతాళము వేసియున్నచో మాత్రము లోపలినుండి తెఱవరాదు. పిల్లలు ఎదిగినపిమ్మటను దానిని తీయక మఱచిన తండ్రులనేకులు. నేనును మఱచితిని. తాళముల మోటారు చెడినచో బాగుచేయించుకొనుడు. లేదా కడ్డీని చేతితో లాగునట్లు వదలివేయుడు. బాగుగానున్నదానిని పెఱికివేయుట పంతమేకాని వివేకముగాదు.

చట్ట మొప్పునా యని అడుగువారికి నా వృత్తిరీత్యా ఒక్కమాట. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషనుపత్రములోని వివరములు తయారీదారు మొదట తెలిపిన వివరములకు విరుద్ధమగునట్లు బండిని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో కేరళమునుండి వచ్చిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు దీనిని గట్టిగా నిలిపినది. ఆ పత్రములో నుండునవి ఇంజను, చాసిస్ నంబరులు, బాడీతీరు, సీట్లు, బరువు, రంగు, ఇంధనము మొదలగునవి. కిటికీ మీటయా పిడియా యను ప్రస్తావన యందు లేదు. ఆ తయారీదారే తన చౌకరకమునకు బిగించు సామానును అదేబండికి బిగించుట ఈ నిషేధములోనికి రాదని నాయభిప్రాయము. అయినను భీమాకంపెనీకి ఒక కాగితము వ్రాసి నకలు దాచుకొనుట మంచిది. వారంటీకాలము మిగిలియున్నవారు అది ముగియువఱ కాగుట మఱియు మంచిది.

నాలుగుతలుపులకును పిడి పెట్టింపుడని నేననను. డ్రైవరు తనసీటునుండి ఎడమకిటికీని చేతితో త్రిప్పలేడు. కీళ్లనొప్పులుగల ముసలివారికి మీటయే సుఖము. ముందువరుసలో నొకటి, వెనుకవరుసలో నొకటి విద్యుత్తుతో నిమిత్తము లేక తెఱచుకొనునట్టి కిటికీలుండవలెనని తయారీదారులకు ప్రభుత్వము నియమము చేయవలయును. అంతవఱకు, చౌకరకపుమిషనును, ప్యాడును కోరినవారికెల్లరకు విడిగా అమ్మవలయును. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారములశాఖ మరమ్మతుహక్కును గూర్చి నియమించిన సంఘము పరిశీలనకు చేర్చుకొన్న రంగములలో మోటారువాహనములును గలవు. మరమ్మతుహక్కనగా చెడినదానినే మరల తెచ్చిపెట్టుకొను హక్కుమాత్రమేనా, దానికన్న సులువైనదానిని పెట్టుకొను హక్కుగూడనా యనుప్రశ్నను అచ్చట ఎవరైన లేవనెత్తవలసియున్నది.

నాకారున డ్రైవరుతలుపునకును, మా యమ్మ కూర్చుండు వెనుక నెడమతలుపునకును పిడులు పెట్టించితిని. తక్కిన రెంటికిని మీటలే యున్నవి. చెడక మిగిలిన రెండవమోటారును మెకానిక్కు గుడ్డలో చుట్టి నాచేతికిచ్చెను; అది అటకమీదనున్నది.