ఆ మాట ఎవరికి?

రిటైరైన పెద్దాయనొకరు మొన్న సాయంత్రం బైబిలు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. భార్య పోయిన తరువాత ఏడెనిమిదేళ్ళు చర్చి మొహం చూడని మనిషి. ఈమధ్యనే మళ్ళీ వెళ్ళాలని బుద్ధి పుట్టిందట. పుట్టిన వారానికే హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో ఆరవ అధ్యాయం కంటబడింది.

"మాస్టారూ, ఒకసారి వెలుగు చూసి తప్పిపోయినవాళ్ళను మళ్ళీ తిప్పడం అసాధ్యమని ఉంది. మీరు తెలుగు చదువుకున్నవారు గదా, ఆ అసాధ్యానికి మరో అర్థం ఉందేమో చూడండి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, పుట పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

మరో అర్థం లేదు. గ్రీకు మూలంలోనూ ఆ మాట అంత కఠినమైనదే. దానికి హడలిపోయినవారు ఆయనొక్కరే కారు. 250 ప్రాంతంలో రోము చక్రవర్తి డెసియస్ ప్రజలందరూ దేవతలకు బలులివ్వాలని శాసిస్తే, ప్రాణభీతితో ఇచ్చిన క్రైస్తవులు అనేకులు. ఆపద గడిచాక వాళ్ళు ఏడుస్తూ తిరిగివచ్చారు. చేర్చుకోరాదని రోములో నోవేషియన్ పట్టుపట్టి వేరుకుంపటి పెట్టాడు. అతని పక్షంవారు తరువాత చూపించిన ఆధారాలలో ఈ అధ్యాయం ఒకటి. కార్తేజిలో సిప్రియన్ అధ్యక్షతన 251లో జరిగిన సభ మాత్రం ఎవరి తప్పును బట్టి వారికి ప్రాయశ్చిత్తం విధించి, తిరిగి రావడానికి దారి ఉంచింది. ఒకసారి రక్షణ పొందినవాడు దాన్ని పోగొట్టుకోగలడా అని కాల్విన్ అనుయాయులూ, వెస్లీ అనుయాయులూ వాదించుకున్నదీ ఇటువంటి వాక్యాల మీదనే. ఆ తగువు తీర్చడం నావల్ల కాదు.

నేను ఆయన్ని మరికొంచెం కిందికి చదవమన్నాను. వాన తాగిన నేల పంట ఇస్తుందా, ముళ్ళు ఇస్తుందా అన్న మాటయ్యాక, తొమ్మిదో వచనంలో 'ప్రియులారా' అన్న పిలుపు ఉంది. గ్రీకులో పత్రిక మొత్తానికి ఆ పిలుపు అక్కడొక్కచోటే. మీ విషయంలో ఇంతకంటే మంచిదే జరుగుతుందని మా నమ్మకం అంటాడు వ్రాసినవాడు. ఆ వ్రాసినవాడెవరో నేటికీ తేలలేదు గాని, చదివేవాళ్ళ మీద ప్రేమ ఉన్నవాడని తెలుస్తూనే ఉంది. వాళ్ళు ఈపాటికి ఇతరులకు బోధించవలసినవాళ్ళు. ఇంకా పాలు తాగే స్థితిలోనే ఉన్నారని అతని బాధ.

"నూతి దగ్గరకు వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతానంటుంది తల్లి. అది గట్టెక్కబోయేవాడికి చెప్పే మాట. పడి, తడిసి ముద్దయి ఇంటికి వచ్చినవాడికి అదే మాట గుర్తుచేసి తలుపు వేసుకుంటుందా?" అన్నాను.

"అయితే భయం అక్కర్లేదంటారా?"

అలా అనలేకపోయాను. భయం లేకపోతే అది హెచ్చరికే కాదు. భక్తిని అటక మీద పారేసి, ఎప్పుడైనా దింపుకోవచ్చులే అనుకునేవాడికి ఆ అధ్యాయంలో ఒక్క అక్షరం తగ్గించి చదివినా తప్పే. అయితే అటువంటివాడు సాయంత్రంపూట ఇంత దూరం నడిచి వచ్చి అర్థాలు అడగడు. ఆ సంగతి మాత్రం చెప్పాను.

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి 'ప్రియులారా' కింద గీత గీసుకున్నారు. ఆదివారం వెళతారా అని అడిగాను.

"వెనక బల్ల మీద కూర్చుంటాను లెండి" అన్నారు.