విరేచనములకు మూలమెరిగిన పిదపనే మందు

బెల్లపు విపణికి చిరకాలముగా ప్రసిద్ధి కెక్కిన అనకాపల్లి, 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నము నుండి వేరుపడి ప్రత్యేక జిల్లా అయిన నాటికే ఔషధ నిర్మాణమునకును నెలవైనది. పరవాడలోని లారస్, నక్కపల్లిలోని హెటిరో కర్మాగారములలో హెచ్.ఐ.వి.ని అణచు మందులకు వలయు మూలద్రవ్యములు తయారగుచున్నవి. ఇట్టి సీమలో హెచ్.ఐ.వి.తో జీవించు మనుష్యుడొకడు నెలకు మించి నీళ్ల విరేచనములతో కృశించుచుండగా, దానికి హేతువైన సూక్ష్మజీవి ఏదో తేల్చకయే మందులు మార్చి మార్చి ఇచ్చుట తగదనియు, ఆ హేతువును వెదకుట జిల్లా ఆసుపత్రిలో నిత్యకృత్యము కావలయుననియు నా మనవి.

శరీరమందలి రక్షక కణములలో అధికభాగము పేగుల నాశ్రయించి యుండుటచే, వైరసు ప్రవేశించిన తొలి వారములలోనే అచ్చటి సీడీ-4 అను రక్షక కణములు నశింపసాగును. వాని సంఖ్య తగినంతగా నున్నంతవరకు రోగిని బాధించునవి సాల్మొనెల్లా, షిగెల్లా, జియార్డియా వంటి అందరికిని సోకు క్రిములే. సంఖ్య ఘన మిల్లీమీటరు రక్తమునకు 200 కంటె తగ్గినపుడు క్రిప్టోస్పొరీడియం, సిస్టోఐసోస్పొరా, మైక్రోస్పొరీడియా విజృంభించును. 50 కంటె తగ్గినపుడు సైటోమెగలో వైరసును, క్షయ జాతికి చెందిన మరికొన్ని క్రిములును పేగులను పట్టును.

రోగి అనుభవమున ఇవన్నియు ఒకే విధమైన విరేచనములు. చికిత్సలో మాత్రము వీనికి పొంతన లేదు. సిస్టోఐసోస్పొరా చౌకగా దొరకు కోట్రైమాక్సజోల్ బిళ్లలకు లొంగును. మైక్రోస్పొరీడియాలో కొన్ని జాతులు ఆల్బెండజోలుకు లొంగును. 1907లో టైజర్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలలో కనుగొనిన క్రిప్టోస్పొరీడియమును మనుష్యులలో గుర్తించినది 1976లో. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరమున కుళాయినీటి ద్వారా సుమారు 4 లక్షల మందిని పీడించిన ఈ జీవికి క్లోరిన్ వలన భయము లేదు. ఆరోగ్యవంతుని అది కొలది వారములలో విడిచిపోవును. రక్షకశక్తి ఉడిగినవానిని విడువదు. దీనిని నిశ్చయముగా తొలగించు ప్రత్యేకౌషధము లేదు, హెచ్.ఐ.వి.ని అణచు ఏ.ఆర్.టి. మందులచే రక్షకశక్తిని తిరిగి నిలుపుటయే దీనికి ముఖ్య చికిత్స.

ఈ భేదమును తేల్చుటకు అపూర్వ యంత్రములు అక్కరలేదు. సాధారణ మలపరీక్షలో ఇవి దృష్టికి తప్పిపోవును గాని, క్షయరోగులకు కఫపరీక్ష చేయు ప్రయోగశాలలలో సాధారణముగా ఉండు కార్బాల్ ఫుక్సిన్ రంగుతోనే, పలుచని ఆమ్లముతో కడిగి చూచినచో, 4 నుండి 6 మైక్రాన్ల క్రిప్టోస్పొరీడియము ఎర్రని గుండ్రని బిందువుగను, సిస్టోఐసోస్పొరా అంతకు పలురెట్లు పెద్దదైన కోలకణముగను కానవచ్చును. కావలసినది వేర్వేరు దినములలో తీసిన నమూనాలను ఓర్పుతో చూచు శిక్షణము మాత్రమే. మైక్రోస్పొరీడియాకు వేరు రంజనము వలయును గనుక, ఆ నమూనాలను విశాఖపట్నములోని వైద్యకళాశాలకు పంపు ఏర్పాటు చాలును.

2004 ఏప్రిల్ 1 నుండి ఏ.ఆర్.టి. ఉచితముగా లభించుచుండగా, 2017 నుండి సీడీ-4 సంఖ్యతో నిమిత్తము లేకయే మొదలిడుచుండగా, ఇక ఈ పరీక్షల పని యేమని కొందరు తలపవచ్చును. కాని వ్యాధి ముదిరిన పిదప వచ్చువారును, వలసపోయి మందులు నడుమ మానినవారును నేటికిని కలరు. రక్షకశక్తి మరలుటకు మాసములు పట్టును. శరీరములోని నీరు, లవణములు హరించుటకు దినములే చాలును. అందుచేత ఓ.ఆర్.ఎస్. వెంటనే ఇచ్చుట, త్రాగునీటిని మరగించి చల్లార్చి వాడుడని చెప్పుట, మలపరీక్ష చేయించుట ఈ మూడును తొలినాడే జరుగవలయును.

మరియొక కారణమును కలదు. హెచ్.ఐ.వి. మందులలో కొన్నియు విరేచనములు కలిగించును. హేతువు తెలియని రోగి తన బాధనంతయు ఆ బిళ్లలకే అంటగట్టి, ప్రాణము నిలుపుచున్న చికిత్సనే మానుకొనును. పరీక్షించి, ఇది ఫలాని క్రిమి, దీనికిది మందు అని వైద్యుడు విప్పి చెప్పినచో, ఆ మాట రెండు చికిత్సలయందును అతనికి విశ్వాసము కలిగించును.