రైతు కంపెనీకి ఓ గది కావాలి

విశాఖలో మధురవాడ, రుషికొండ వైపు వెళ్ళి చూడండి. అద్దాల మేడలు లేస్తున్నాయి. నలుగురు కుర్రాళ్ళు కలిసి చిన్న వ్యాపారం పెట్టుకుంటే చాలు, నెలకింతని కుర్చీ, బల్ల అద్దెకిచ్చే ఆఫీసులున్నాయి. కరెంటు, ఇంటర్నెట్, మీటింగు గది అన్నీ అందులోనే. 2025లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి అక్కడే 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వడానికి రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఉద్యోగాలొస్తాయంటే వద్దనం. రేపు అక్కడ పనికి వెళ్ళేది మన పిల్లలే కదా!

మరి మన కంపెనీ సంగతేమిటి?

అవును, మనకీ కంపెనీలున్నాయి. పదిమంది రైతులు కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చని 2002లోనే చట్టం సవరించారు. 2020లో కేంద్రం 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం తెచ్చింది. ఈ పథకం కింద ఒక్కో సంఘానికి మూడేళ్ళలో రూ.18 లక్షల వరకు నిర్వహణ ఖర్చులిస్తారు. ఆఫీసు అద్దె కూడా అందులోదే. ఆ మూడేళ్ళూ గడిచాక అద్దె ఎవరు కడతారు?

అద్దె బరువై గది వదిలేస్తే బోర్డు చైర్మను గారి వసారాలోకి చేరుతుంది. ఇంటి యజమాని అంగీకార పత్రం, కరెంటు బిల్లు ఉంటే ఆ చిరునామా చట్టానికి సరిపోతుంది. కాని ఇల్లు అలకగానే పండగ కాదు. లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్ళు భద్రంగా ఉంచాలి. చైర్మను మారితే పుస్తకాలు ఎవరింట్లో ఉండాలి? చిరునామా మారితే 30 రోజుల్లో రిజిస్ట్రారుకు తెలపాలి. ఇవన్నీ చూసే నాథుడుండడు. వచ్చిన నోటీసు ఏ అటకమీదో పడి ఉంటుంది.

దీని ఖరీదెంతో లెక్క వేద్దాం. ఏటా జమాఖర్చుల పత్రం, వార్షిక రిటర్ను దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు రూ.100 అదనపు రుసుము. రెండూ ఏడాది ఆగితే రూ.73 వేలు! 300 మంది తలా వెయ్యి వేసిన వాటా ధనం రూ.3 లక్షలు. అందులో పావువంతు, ఒక్క బస్తా అమ్మకుండానే పోయినట్టే.

మనమడిగేది అద్దాల మేడ కాదు. చాలా మార్కెట్ యార్డుల్లో తాళం పడి ఉన్న గదులున్నాయి. వాటిలో ఒకటి బాగుచేసి, చుట్టుపక్కల నాలుగైదు రైతు కంపెనీలకు ఉమ్మడిగా ఇవ్వాలి. తలో బీరువా, అందరికీ కలిపి ఒక కంప్యూటరు, లెక్కలు చూసే ఒక మనిషి. అద్దె నామమాత్రంగా ఉండాలి. కుర్చీల లెక్కన ఆఫీసులిచ్చే పద్ధతి పట్నంలో కుర్రాళ్ళకు నడుస్తున్నప్పుడు యార్డులో రైతుకెందుకు నడవదు?

రైతు సోదరులూ, మీరూ ఊరుకోకండి. ఈసారి సర్వసభ్య సమావేశంలో మూడు మాటలడగండి. మన ఆఫీసెక్కడ? పుస్తకాలెక్కడ? పోయిన ఏడాది రిటర్ను వేశారా? జవాబు తిన్నగా రాకపోతే ఆ రోజే తీర్మానం రాసి, గది కావాలని మార్కెట్ కమిటీకి అర్జీ పెట్టండి. వాటా డబ్బు మీది. అడిగే హక్కూ మీదే.