గుండ్రాళ్ల గుట్టలు

సికింద్రాబాదు చెంతనున్న మౌలాలి గుట్ట పరిసరములందలి గుండ్రాళ్లను చూడగా, ఎవరో రాక్షసులు పేర్చినట్లు తోచును. పేర్చినవారెవరును లేరు. సుమారు 250 కోట్ల సంవత్సరములకు పూర్వము భూగర్భమున శిలాద్రవము చల్లారి ఈ గ్రానైటు ఏర్పడెను. పైపొరలు అరిగి బరువు తగ్గగా శిల పగుళ్లు వారెను. ఆ పగుళ్లలోనికి దిగిన వాననీరు, రాతియందలి ఫెల్డ్‌స్పారను ఖనిజమును బంకమన్నుగా మార్చెను. మూలలకు పలువైపుల నుండి తాకిడి గావున అవియే ముందుగా అరిగి, నలుచదరపు బండ గుండ్రనయ్యెను. మన్ను వానలకు కొట్టుకొనిపోగా రాళ్లు ఒకదానిపై నొకటి నిలిచెను.

ఇట్టి వానిని పనికిమాలిన రాళ్లని కంకరకై ప్రేల్చుట తగదు. ఇండ్లకును బాటలకును రాయి కావలసినదే. అంతమాత్రమున కనబడిన గుట్టనెల్ల పగులగొట్టవలెనా? వీని రక్షణకై 1996లో హైదరాబాదున ఒక సంఘము వెలసినది. అప్పటికే పెక్కు గుట్టలు కంకరయై పోయినవి.