కార్డు పోలేదమ్మా, డ్రైవరే ఎక్కలేదు!

ప్రొద్దుటూరులో మా చెల్లెలింట కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించారు. తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత! జమ్మలమడుగు నుంచి వచ్చిన రిపేరబ్బాయి "కార్డు పోయిందక్కా, ఇంకోటి కొనాల" అన్నాడట. పాప ఫీజుకు దాచిన డబ్బు తీయబోతుంటే ఆపాను.

ముందు మానిటర్ వైరు కార్డుకే తగిలించారా, మదర్‌బోర్డుకా చూడండి. కార్డుకే ఉండాలి. తర్వాత డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే చాలావరకు డ్రైవర్ ఎక్కనట్టే. పాత డ్రైవర్ తీసేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి, ఎన్విడియా అయితే ఎన్విడియా, ఏఎండీ అయితే ఏఎండీ, ఆ కంపెనీ సైటు నుంచే మీ విండోస్‌కు సరిపడేది దించుకోండి. ఎక్కేటప్పుడు తెర ఒకట్రెండుసార్లు నల్లబడుతుంది, గాబరాపడకండి. పులివెందుల వదిన అప్పుడే స్విచ్ ఆపేసి, పనంతా మళ్లీ మొదటికి తెచ్చుకుంది!