రోగికి సరిహద్దు లేదు

2020 మార్చి 24వ తేది సాయంకాలము 6 గంటలకు తమిళనాడంతటను 144వ సెక్షను అమలులోనికి వచ్చినది. ఆ అర్ధరాత్రి మొదలు దేశమంతటను లాక్‌డౌన్ ఆరంభమైనది. వేలూరు బజారులో మన యంగళ్లు మూతపడినవి. గుడియాత్తములో మగ్గముల చప్పుడు నిలిచిపోయినది. ఏండ్లు గడచినవి. ఆనాడు పోయిన పెద్దలను గూర్చి ఈ పత్రికలో సంతాపవార్తలు వ్రాసితిమి గాని, ఆ దినములు మనకు నేర్పినదేమో ఇంతవరకు వ్రాయలేదు. సర్వసభ్య సమావేశము సమీపించుచున్నందున ఇప్పుడైనను వ్రాయుట మా విధి యని తలచుచున్నాము.

మొదట కృతజ్ఞత చెప్పవలెను. ఆ యేప్రిలులో ప్రభుత్వము రేషను కార్డుదారులకు 1000 రూపాయలను, ఉచితముగా బియ్యము, పప్పు, నూనె, చక్కెరలను ఇచ్చినది. మగ్గము, బీడీ, అగ్గిపెట్టెల పనులపై బ్రతుకు కుటుంబములకు అది ప్రాణాధారమైనది. నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు తమ యిండ్లు విడిచి మన వీధులలో పనిచేసిరి. వారిని తప్పుపట్టుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు.

అయినను చెప్పవలసినది చెప్పక తీరదు. 2020 ఏప్రిలు ఆఖరి వారమున వేలూరు జిల్లా యంత్రాంగము ఆంధ్ర సరిహద్దున, గుడియాత్తము–పలమనేరు మార్గమున సైనగుంట వద్దను, పొన్నై వైపునను, రోడ్డుకు అడ్డముగా గోడలు కట్టించినది. చిత్తూరు అధికారులు ఆక్షేపించిరి. కొలది దినములలోనే గోడలు పడగొట్టబడినవి. మహమ్మారి వ్యాపించునపుడు రాకపోకలను అదుపుచేయుట అధికారుల ధర్మమే. తనిఖీచేయు పోలీసులుండవచ్చును, అడ్డుకఱ్ఱ యుండవచ్చును. అడ్డుకఱ్ఱను రోగి వచ్చినపుడు ఎత్తవచ్చును. గోడను ఎవ్వరెత్తగలరు?

ఆ దారి నిన్నటిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణము. పలమనేరు, గుడియాత్తము, వేలూరు ఒకే జిల్లాలోని యూళ్లు. పాలనకు గీత గీసిరి గాని, పెండ్లిండ్లకును వ్యాపారమునకును వైద్యమునకును నేటికిని ఆ గీత లేదు. డాక్టరు ఐడా స్కడరు 1900లో వేలూరున ఒక్క మంచముతో వైద్యము ప్రారంభించిన పిమ్మట, రోగులు తన యొద్దకు రాలేరని గ్రహించి, తానే గుడియాత్తము దారిన బయలుదేరి, చెట్లనీడల నాగి మందులిచ్చుచుండెడిది. వైద్యము రోగిని వెదకుకొనుచు పోయిన ప్రాంతమిది. అట్టి చోట రోగి దారికి అడ్డముగా గోడ లేచుట మన మనస్సులను నొప్పించినది.

రెండవది భాష. మనవారిలో అనేకులు తమిళము ధారాళముగా మాటలాడుదురు. మాటలాడుట వేఱు, చదువుట వేఱు. మన సంఘ సభ్యులొకరి తల్లి, డెబ్బది దాటిన యామె, ఇంటి తలుపునకు ఆరోగ్యశాఖవారు అంటించిన కాగితమును చూచి, అప్పులవారు ఇల్లు జప్తు చేసిరని తలచి రెండు దినములు అన్నము ముట్టలేదు. కుమారుడు చికిత్సలో నుండెను. చదివి చెప్పువారు గడప త్రొక్కలేదు. వేఱొక వృద్ధుడు ఒక ఆసుపత్రిలో రాత్రివేళ "రొప్పు వచ్చుచున్నది" అని మఱల మఱల చెప్పినను, విన్నవారికి అర్థము కాలేదు. తోడుగా ఎవ్వరిని లోనికి రానీయని దినములవి. ఆరోగ్యవంతుడు పరభాషలో బేరమాడగలడు గాని, ఊపిరాడని వేళ మనిషికి తల్లిభాషయే నోటికి వచ్చును.

మూడవది మన తప్పు. దీనిని దాచి పై రెండింటిని వ్రాయుట న్యాయము కాదు. మన సంఘము బియ్యము, పప్పు సంచులను పంచినపుడు జాబితా మనవారిదే. అప్పుడు సి.ఎం.సి. ఆసుపత్రి చుట్టునున్న లాడ్జీలలో బెంగాలు, ఝార్ఖండు మొదలగు రాష్ట్రముల నుండి వైద్యమునకై వచ్చి చిక్కుకొన్నవారు వేలమంది యుండిరి. వారిలో నొకడు మన పంపిణీ చోటికి వచ్చి, మాట తెలియక, మందుల చీటీ చూపి నిలుచుండెను. "జాబితాలో పేరు లేదు" అని పంపివేసితిమి. మఱుసటి వారము జాబితాను తీసివేసితిమి గాని, ఆ మనిషి మఱల రాలేదు. మే నెలలో కాట్పాడి నుండి ప్రత్యేక రైళ్లు కదలినపుడు అతడు ఎక్కెనో లేదో మాకు తెలియదు. సైనగుంట గోడను నిందించిన మేమే ఆనాడు మఱొక గోడ కట్టితిమి. మన వర్తకులలో కొందరు ఆ వారములలో పప్పు ధరను పెంచిన సంగతియు పాఠకులు మఱవలేదు.

ఇక కర్తవ్యము. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను కష్టనివారణకై అర్జీ పెట్టుకొనుటకు ప్రతివానికి హక్కు కలదు. మునిసిపాలిటీలోగాని తాలూకాలోగాని అల్పసంఖ్యాక భాషీయులు 15 నుండి 20 శాతమున్నచో ముఖ్య ప్రకటనలను వారి భాషలోను వెలువరించుట మేలని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రము సూచించినది. ఈ హక్కులను అడుగవలెను. అయితే ఒక వీధిలో పదిండ్లవారే తెలుగు చదువుదురని శాతము లెక్కించి ఊరకుండరాదు. ఆ పదిండ్లకు కావలసిన తెలుగు కాగితమును మనమే అచ్చొత్తవలెను.

కావున సమావేశమున నాలుగు తీర్మానములను ప్రతిపాదించుచున్నాము. ఆరోగ్య ప్రకటనలను తెలుగులోనికి మార్చి వెంటనే పంచుటకు ఒక చిన్న సంఘము నేర్పఱచుట. ఆసుపత్రులలో దుబాసీలుగా రాత్రింబవళ్లు ఫోనునకు పలుకగల యువకుల పట్టికను వార్డువారీగా సిద్ధపఱచుట. ఎట్టి నిర్బంధకాలమునను రోగుల దారి మూయబడకుండ వేలూరు, చిత్తూరు కలెక్టర్లిద్దరికిని అర్జీ పెట్టుట. సంఘము పంచు సహాయమునకు ఆకలియు జబ్బును తప్ప వేఱు జాబితా ఉండరాదని నియమావళిలో చేర్చుట.

మొదటి మూడింటికి అభ్యంతరముండదని యెఱుగుదుము. నాలుగవదానిపై, చందా మనవారిది, సహాయము పరులకా యని కొందరడుగుదురు. ఆ మందుల చీటీ పట్టుకొని నిలిచినవానిని తలచుకొని, అప్పుడు అడుగవలెనని వారికి మా విన్నపము. సభ్యులందఱును తప్పక రావలెను.